వీఏబీలో షటిల్‌ని నిలబెట్టేవాళ్లం: నా అనుభవం

చాలా ఏళ్లపాటు నా ఉద్యోగం స్పేస్ షటిల్‌ని నిలబెట్టడం. మంటలు, పొగ, కౌంట్‌డౌన్, టీవీ కెమెరాలు అన్నీ లాంచ్ ప్యాడ్ దగ్గర ఉంటాయి. దానికి కొన్ని వారాల ముందే, ప్యాడ్‌కి మూడున్నర మైళ్ల దూరంలో ఉన్న ఒక భవనంలో షటిల్‌ని పైకి తోసే రెండు బూస్టర్ రాకెట్లు, ఇంధనం మోసే ఒక ట్యాంకు, మనుషులు కూర్చునే రెక్కల నౌక ఆర్బిటర్ వేర్వేరు దారుల్లో వచ్చి ఒక్కటయ్యేవి. ఫ్లోరిడాలోని కెనడీ స్పేస్ సెంటర్‌లో ఉన్న ఆ భవనం పేరు వెహికల్ అసెంబ్లీ బిల్డింగ్. మా అందరికీ అది వీఏబీ. ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున అక్కడ మెకానికల్ ఇంజినీరుగా పనిచేశాను. ప్రయోగాల వీడియోలు ఎన్నైనా దొరుకుతాయి. ఆ తలుపుల వెనక పని ఎలా నడిచేదో మన భాషలో ఎవరైనా రాసి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. అందుకే ఇది.

మాది నాయుడుపేట. శ్రీహరికోట దగ్గరే కాబట్టి రాకెట్టు అంటే మా ఊళ్లో పిల్లలకి కూడా కొత్త కాదు. ఎంఎస్ కోసం ఓర్లాండో వచ్చాను, గ్రీన్ కార్డు చేతికొచ్చాకే ఈ ఉద్యోగానికి దారి దొరికింది. చేరిన కొత్తలో మా అమ్మ ఫోన్లో, "ఏరా, ఇంత చదివీ బోల్టులు బిగించే పనా?" అంది. బిగించేది నేను కాదమ్మా, సరిగ్గా బిగించారో లేదో చూసి సంతకం పెట్టేది నేను అని చెప్పాను. "అయితే ఇంకా జాగ్రత్తగా చూడు. లోపల మనుషులు కూర్చుంటారు కదా" అంది. నా ఉద్యోగం గురించి అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు.

వీఏబీ ఎత్తు 525 అడుగులు. చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన శాటర్న్-5 రాకెట్ల కోసం కట్టారు, 1966లో పూర్తయింది. లోపల హై బేలు అనే నాలుగు ఎత్తైన గదులు, రాకెట్‌ని నిలబెట్టేది వాటిలోనే, వాటి మధ్యగా ట్రాన్స్‌ఫర్ ఐల్ అనే పొడవాటి నడవ. హై బే తలుపులు 456 అడుగుల ఎత్తుంటాయి, పూర్తిగా తెరుచుకోవడానికి ముప్పావు గంట పడుతుంది. బయటి గోడ మీద వేసిన జాతీయ జెండా పొడవే 209 అడుగులు. ఇన్ని అంకెలు చెప్పినా ఆ సైజు అర్థం కాదు. కింద నిలబడి పైకి చూస్తే, కప్పు దగ్గర క్రేన్ కేబిన్‌లో ఉన్న మనిషి కనిపించడు, ఆ కేబిన్ ఏదో వెతుక్కోవాలి. వేసవిలో లోపల ఉక్కపోత. బయట చిత్తడి నేలలు, కాలువ గట్టున మొసళ్లు, భవనం చుట్టూ తిరిగే రాబందులు. ఆ చుట్టుపక్కలంతా అభయారణ్యమే.

షటిల్ దగ్గరికి వెళ్లాలంటే ముందు జేబులు ఖాళీ చేయాలి. ఉంగరం, గొలుసు, చేతి గడియారం తీసి పక్కన పెట్టాలి. స్పానర్ నుంచి పెన్ను దాకా ప్రతి వస్తువునీ తాడుతో ఒంటికి కట్టుకోవాలి. లోపలికి ఏమేం తీసుకెళ్లామో పుస్తకంలో రాసి, వచ్చేటప్పుడు లెక్క అప్పజెప్పాలి. ఒక్క నట్టు లెక్కకి రాకపోయినా అది దొరికేదాకా పని ఆగిపోతుంది. మా అత్తగారిచ్చిన ఉంగరాన్ని కొన్నాళ్లకి ఇంట్లోనే వదిలేయడం అలవాటైంది.

ముందుగా నిలబడేవి బూస్టర్లు. ఒక్కొక్కటి 149 అడుగులు, బరువు సుమారు 590 టన్నులు. వీటిలో ఉండేది ఘన ఇంధనం. ట్యాంకులోకి ఇంధనం ప్యాడ్ దగ్గరే నింపుతారు గానీ, బూస్టర్‌ని ముక్కలుగా, అంటే సెగ్మెంట్లుగా చేస్తారు, అవి యూటా రాష్ట్రంలోని ఫ్యాక్టరీ నుంచి నిండుగానే రైల్లో వస్తాయి. అంటే మేం క్రేనుతో ఎత్తే ప్రతి సెగ్మెంటూ అంటుకుంటే ఇక ఆర్పలేని సరుకు. అందుకే అది గాల్లో ఉన్నంతసేపూ అక్కడ అవసరమైన మనుషులు తప్ప ఇంకెవరూ ఉండరు.

పునాది మొబైల్ లాంచర్ ప్లాట్‌ఫారం. 160 అడుగుల పొడవు, 135 అడుగుల వెడల్పు ఉన్న రెండంతస్తుల ఉక్కు దిమ్మె అది. దాని మీద ఒక్కో బూస్టర్‌కి నాలుగు చొప్పున ఎనిమిది స్తంభాలు. ప్రతి స్తంభంలో మూడున్నర అంగుళాల మందమున్న ఒక బోల్టు. బూస్టర్లు, ట్యాంకు, ఆర్బిటర్, ఏడుగురు మనుషులు, ఆ మొత్తం భారం ఆ ఎనిమిది బోల్టుల మీదే నిలబడుతుంది. ప్రయోగ క్షణంలో వాటి నట్లని పేలుడుతో చీల్చి షటిల్‌ని వదులుతారు. అడుగు సెగ్మెంటుని ఆ స్తంభాల మీద దించే రోజు ఎవరి ముఖంలోనూ నవ్వు ఉండదు.

దాని మీద ఇంకో మూడు సెగ్మెంట్లు, ఆపైన ముక్కు భాగం. రెండు సెగ్మెంట్లు కలిసేచోటే నాకు ఇష్టమైన పని ఉండేది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కింది సెగ్మెంటు పై అంచులో చుట్టూ ఒక గాడి ఉంటుంది. పై సెగ్మెంటు నాలుకలాంటి అంచు అందులోకి దిగాలి. పన్నెండు అడుగుల వ్యాసమున్న ఉక్కు గొట్టం రైల్లో పడుకుని అంతదూరం వచ్చేసరికి తన బరువుకే గుండ్రం తప్పుతుంది. ఆ తేడా కంటికి కనిపించదు, కొలిస్తే తెలుస్తుంది. కొలుస్తాం, తేడా హద్దు దాటితే సాధనం బిగించి గుండ్రంగా తెస్తాం. తర్వాత ఓ-రింగులు, అంటే ఆ కీలులో సందు మూసే రబ్బరు వలయాలు. మందం పావు అంగుళం కంటే కాస్త ఎక్కువ, చుట్టుకొలత 37 అడుగులకు పైనే. వాటి మీద నలుసు గానీ, వెంట్రుక గానీ, చిన్న గాటు గానీ ఉండకూడదు. టెక్నీషియన్ గ్లవ్స్ వేసుకున్న వేళ్లతో దోసె పెనానికి నూనె రాసినంత పల్చగా గ్రీజు పూస్తూ చుట్టూ నడుస్తాడు, వెనకే టార్చిలైటుతో ఇన్‌స్పెక్టర్ నడుస్తాడు, ఆ వెనక నేను. అంగుళం అంగుళం చూసుకుంటూ వెళ్లడమే. తొందర పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

తర్వాత క్రేన్. పై సెగ్మెంటు గాల్లో వేలాడుతూ నెమ్మదిగా దిగుతుంది. చివరి కొన్ని అంగుళాలు దిగేటప్పుడు హెడ్‌సెట్లో ఒకే గొంతు వినిపించాలి. నాలుక గాడిలో కూర్చున్నాక అంచు చుట్టూ 177 ఉక్కు పిన్నులు ఒక్కొక్కటే చేత్తో దూరుస్తారు. సరిగ్గా కూర్చున్న సెగ్మెంటులో పిన్ను మారాం చెయ్యకుండా జారిపోతుంది. పిన్ను ఇబ్బంది పెడితే బలం ప్రయోగించడం ఉండదు, ఎందుకో కనుక్కోవాలి. పిన్నులన్నీ పడ్డాక వాటి చుట్టూ పట్టీ, ఆపైన రెండు రింగుల మధ్య ఒత్తిడితో వాయువు పంపి లీక్ పరీక్ష.

ఇంత తతంగం ఎందుకో అక్కడ ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. 1986 జనవరి 28న చాలెంజర్ షటిల్ కూలింది ఇలాంటి ఒక కీలు దగ్గరే. ఆ ఉదయం చలికి రింగు బిర్రబిగిసింది, కీలు కదిలినప్పుడు వెంటనే సాగి సందు మూయలేకపోయింది, మంట బయటికొచ్చింది. ఏడుగురు పోయారు. ఆ తర్వాతే కీలు డిజైను మార్చి మూడో రింగు చేర్చారు, చలికి గట్టిపడకుండా చుట్టూ హీటర్లు పెట్టారు. నేను చేరేసరికి అదంతా పాత సంగతే అయినా, అప్పుడు పనిచేసిన పెద్ద టెక్నీషియన్లు ఇంకా ఉన్నారు. గ్రీజు పూసే వేళ వాళ్లు మాట్లాడేవారు కాదు.

ట్యాంకు కథ వేరు. న్యూ ఆర్లీన్స్ దగ్గరి ఫ్యాక్టరీ నుంచి పెగాసస్ అనే బార్జి మీద సముద్రం గుండా ఫ్లోరిడా చుట్టూ తిరిగి వీఏబీ ముందున్న కాలువలోకి వస్తుంది. దాదాపు 154 అడుగుల పొడవు, 27 అడుగులకు పైగా వ్యాసం, ఖాళీగా ఉన్నప్పుడు 26 టన్నుల చిల్లర. దాని సైజుకి అది చాలా తేలిక. క్రేనుతో నిటారుగా నిలిపి, పరీక్షలన్నీ అయ్యాక రెండు బూస్టర్ల మధ్యకి దించుతాం. ఇక్కడ భయం బరువు గురించి కాదు, లోపలి చల్లటి ఇంధనం వేడెక్కకుండా పైన కప్పిన నారింజ రంగు ఫోమ్ గురించి. వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. 1995లో డిస్కవరీ అనే షటిల్ ప్యాడ్ మీద ఉన్నప్పుడు వడ్రంగిపిట్టలు ఆ ఫోమ్‌లో గూళ్ల కోసం దాదాపు రెండు వందల రంధ్రాలు పొడిచాయి. మొత్తం షటిల్‌ని మళ్లీ వీఏబీకి తెచ్చి పూడ్చాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్యాడ్ దగ్గర పిట్టల్ని బెదరగొట్టడానికి ప్లాస్టిక్ గుడ్లగూబల్ని పెట్టారు.

పిట్టల సంగతి విని నవ్వుకోవచ్చు. 2003 తర్వాత మాత్రం ఫోమ్ గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడలేదు. కొలంబియా షటిల్ లేచేటప్పుడు దాని ట్యాంకు ముందు భాగంలో, ఆర్బిటర్ ముక్కుని పట్టుకునే కాళ్ల దగ్గర నుంచి ఫోమ్ ముక్క ఒకటి ఊడింది. బరువు కిలో కూడా లేదు. అది ఎడమ రెక్క అంచుకి తగిలి, తిరుగు ప్రయాణంలో ఫిబ్రవరి 1న నౌక ముక్కలైంది. కల్పనా చావ్లా అందులోనే ఉన్నారు. ఆ నౌకని 2002 చివర్లో నిలబెట్టింది మా టీమే. మా ఇంట్లో ఆ వారమంతా ఫోన్ మోగుతూనే ఉంది. మా నాయన ఒక్కమాట అడిగాడు, "మీ వైపు నుంచి ఏం లేదు గదా?" అని. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. విచారణ పూర్తయ్యేదాకా ఎవరి దగ్గరా లేదు. మేం సంతకాలు పెట్టిన కాగితాలన్నీ తీసుకెళ్లారు, ఒక్కో పేజీ చదివారు.

టెక్సస్ నేల మీద ఏరుకొచ్చిన ముక్కలు, సుమారు 84 వేలు, ఇప్పుడు వీఏబీలోనే 16వ అంతస్తులో ఉన్నాయి. పరిశోధకులకి ఇస్తారు, కొత్తగా చేరినవాళ్లకి చూపిస్తారు. వాటిని ఎక్కడో గోదాములో కాకుండా, పనిచేసేవాళ్ల తల మీదే పెట్టడం సరైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను. ట్యాంకు మీద ఆ కాళ్ల దగ్గరుండే ఫోమ్ దిమ్మెల్ని తీసేసి, మంచు కట్టకుండా హీటర్లు పెట్టారు. 2005 జులైలో డిస్కవరీ ఎగిరేదాకా ఒక్క షటిల్ కూడా లేవలేదు.

చివరగా వచ్చేది ఆర్బిటర్. దాని మరమ్మతులు జరిగే షెడ్డు పక్కనే ఉంటుంది. అక్కడి నుంచి 76 చక్రాల బండి మీద వెనక్కి నడుస్తూ వీఏబీలోకి వస్తుంది. పొడవు 122 అడుగులు, రెక్కల వెడల్పు 78 అడుగులు. పసుపు రంగు స్లింగ్ తగిలించి, ముందు ఉన్నది ఉన్నట్టు అడ్డంగానే ఎత్తుతారు.  ఆపైన రెండు క్రేన్లు. ముందు భాగాన్ని పట్టుకున్నది పైకి లాగుతుంటే, వెనక భాగాన్ని పట్టుకున్నది జతగా నడుస్తుంది. ముక్కు నెమ్మదిగా కప్పు వైపు తిరుగుతుంది. నిటారుగా అయ్యాక వెనక క్రేన్‌ని విప్పేస్తారు. ఇక మొత్తం నౌక ఒక్క కొక్కెం మీద వేలాడుతుంది.

అక్కడ నిలబడి చూస్తుంటే అంత పెద్ద నౌకకి చప్పుడే ఉండదు. పైన మోటారు మూలుగు, హెడ్‌సెట్లో అంకెలు, అంతే. ట్రాన్స్‌ఫర్ ఐల్‌కీ హై బేకీ మధ్య ఒక అడ్డదూలం ఉంటుంది. ఆర్బిటర్‌ని దాని పైదాకా ఎత్తి, దాటించి, అవతల దించాలి. పొట్ట కింద నల్లటి టైల్స్ వేలకొద్దీ కనిపిస్తాయి. ఏ గోడకీ, ఏ ప్లాట్‌ఫారం అంచుకీ తగలకూడదు. నేల మీద ఒకతను చేతిలో స్టాప్ బటన్ పట్టుకుని నిలబడతాడు. ఎవరికి ఏ అనుమానం వచ్చినా "ఆపండి" అనే హక్కుంది. అలా ఆపినందుకు ఎవరినీ ఎవరూ మాట అనరు. నేను చూసిన ఆఫీసుల్లో ఇంత మంచి రూలు మరెక్కడా లేదు.

క్రేన్ ఆపరేటర్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. 450 అడుగులకు పైన కూర్చుని, తనకి సరిగ్గా కనిపించని చోట, కింది నుంచి వచ్చే మాటని బట్టి అంగుళంలో ఎనిమిదో వంతు కదిలిస్తారు. ఆర్బిటర్ ట్యాంకుని మూడు చోట్లే పట్టుకుంటుంది: ముందు ఒకటి, వెనక రెండు. వెనక ఉన్న రెండూ బంతి, గిన్నె కలిసే పద్ధతిలో కూర్చోవాలి. వాటి పక్కనే 17 అంగుళాల వ్యాసమున్న రెండు పెద్ద పైపులు కలిసే పలకలు, ఒకటి ద్రవ హైడ్రోజన్‌కి, రెండోది ద్రవ ఆక్సిజన్‌కి. ఆ పలకల మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందో లేదో కొలిచేది నేనుండే టీము. ఇరుకైన చోట మోకాళ్ల మీద కూర్చుని కొలత తీసి, గట్టిగా చదివి చెప్పాలి. అవతలి మనిషి అదే అంకెని తిరిగి చదవాలి. ఆ తర్వాతే కాగితం మీద రాయాలి. ఒక రాత్రి షిఫ్టు మొత్తం ఒకే పలక దగ్గర గడిచిపోయిన సందర్భాలున్నాయి. టెన్షన్‌తో అరచేతులు గ్లవ్స్‌లో తడిసిపోయేవి.

కాగితం గురించి కూడా చెప్పాలి. ప్రతి పనికీ రాసిపెట్టిన విధానం ఉంటుంది. ప్రతి మెట్టు దగ్గరా చేసినవాడి స్టాంపు, చూసినవాడి స్టాంపు, కీలకమైన చోట ఇంజినీరు సంతకం. అనుభవం ఎంతున్నా సరే, కాగితంలో లేని పని చేతితో చేయకూడదు. బయటివాళ్లు దీన్ని సర్కారీ జాప్యం అనుకుంటారు. నాకైతే అలా అనిపించలేదు. తెల్లవారుజామున కళ్లు మూతలు పడే వేళ నా కంటికి రెండో కన్ను తోడుండేది ఆ స్టాంపు వల్లే.

కలిపాక వైర్లన్నీ జోడించి, ఆర్బిటర్, ట్యాంకు, బూస్టర్లు, ప్లాట్‌ఫారం ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకుంటున్నాయో లేదో కంప్యూటర్లతో పరీక్షిస్తారు. పైపుల కలయికల్లో హీలియంతో లీక్ చూస్తారు. మామూలుగా ఆర్బిటర్ వచ్చిన వారానికల్లా అన్నీ పూర్తయి షటిల్ బయల్దేరాలి.

అన్నిసార్లూ అలా జరగలేదు. 2007 ఫిబ్రవరి 26న ప్యాడ్ మీద ఉన్న అట్లాంటిస్ మీద వడగళ్లు పడ్డాయి. ట్యాంకు కొన మీద వేలకొద్దీ సొట్టలు. మళ్లీ లోపలికి తెచ్చి, ఒక్కో సొట్టనీ పరిశీలించి, చేత్తో సాపు చేసి, అవసరమైన చోట కొత్త ఫోమ్ పోశారు. మరమ్మతు చేసినచోట రంగు లేతగా ఉండి ట్యాంకు మచ్చలు మచ్చలుగా కనిపించేది. సునీతా విలియమ్స్ అప్పుడు అంతరిక్ష కేంద్రంలోనే ఉన్నారు, చివరికి ఆ అట్లాంటిస్‌లోనే తిరిగొచ్చారు. ప్రయోగం జూన్ 8కి గానీ జరగలేదు.

2010 చివర్లో వచ్చిన చిక్కు ఇంకా పెద్దది. నవంబరులో డిస్కవరీ ప్రయోగాన్ని హైడ్రోజన్ లీకు వల్ల ఆపినప్పుడు, ట్యాంకు నడుము దగ్గర ఫోమ్‌లో పగులు కనిపించింది. ఫోమ్ తీసి చూస్తే లోపలున్న లోహపు బద్దలే పగిలాయి. ఆ నడుము చుట్టూ 21 అడుగుల పొడవున్న ఇలాంటి బద్దలు 108 ఉంటాయి. అష్టోత్తరం లెక్కే. డిసెంబరులో షటిల్‌ని వీఏబీకి తెచ్చారు. ఎక్స్‌రే తీస్తే ఇంకొన్ని చిన్న పగుళ్లు బయటపడ్డాయి. ఆ బ్యాచ్ అల్యూమినియం-లిథియం లోహం మామూలుకన్నా పెళుసుగా ఉందనీ, బిగించేటప్పుడు పడిన ఒత్తిడి దానికి తోడైందనీ తేలింది. బద్దల చివర్ల మీద పల్చటి అల్యూమినియం పట్టీలు వేసి బలపరిచారు. క్రిస్మస్ సెలవుల్లో ఊరంతా దీపాలు పెట్టుకుంటుంటే మా వాళ్లు ఆ ట్యాంకు చుట్టూ ఎక్స్‌రే యంత్రాలతో తిరిగారు. ఆ నౌక ఫిబ్రవరి 24న లేచింది, అదే దాని ఆఖరి ప్రయాణం.

బయల్దేరే రోజు క్రాలర్ వస్తుంది, షటిల్‌ని ప్యాడ్‌కి మోసుకెళ్లే భారీ బండి. అదొక్కటే సుమారు 2,700 టన్నులు. ప్లాట్‌ఫారం కిందికి దూరి, మొత్తాన్ని ఎత్తుకుని, గంటకి మైలు కూడా లేని వేగంతో రాళ్లు పరిచిన దారిలో సాగుతుంది. ప్యాడ్ దగ్గర ఏటవాలు ఎక్కేటప్పుడు కూడా షటిల్ నిటారుగానే ఉండేలా జాకీలు సర్దుకుంటాయి. ఆరేడు గంటల ప్రయాణం.

ఆఖరి షటిల్ అట్లాంటిస్‌ని 2011 మే 17న వీఏబీకి తెచ్చారు. ఆ రోజు దాన్ని లోపలికి తీసుకెళ్లకుండా కాసేపు బయటే ఆపారు, ఉద్యోగులు దగ్గర నిలబడి ఫొటోలు తీసుకోవడానికి. పెద్ద టెక్నీషియన్ ఒకాయన ఫొటో తీయించుకోలేదు, టైల్స్ వంక చూస్తూ ఉండిపోయాడు. మే 31 రాత్రి అది ప్యాడ్‌కి బయల్దేరింది. అదే రాత్రి, అట్లాంటిస్ ఇంకా దారిలో ఉండగానే, ఎండీవర్ అంతరిక్షం నుంచి తిరిగొచ్చి పక్కనే ఉన్న రన్‌వే మీద దిగింది. జులై 8న అట్లాంటిస్ లేచింది, 21న దిగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే మాలో చాలామందికి ఉద్యోగాలు పోయాయి. ఎవరి దారి వాళ్లది. నేను మరో రాష్ట్రంలో వేరే పనిలో చేరాను.

అక్కడే మిగిలిన ఒక స్నేహితుడు తర్వాత ఆర్టెమిస్ అనే కొత్త చంద్రయాత్రల రాకెట్ బూస్టర్లు పేర్చాడు. ఇప్పుడు సెగ్మెంట్లు నాలుగు కాదు, ఐదు. కొత్త ప్లాట్‌ఫారాలు, కొత్త కంప్యూటర్లు. షటిల్ బూస్టర్లలో ఎగిరొచ్చిన ఉక్కు గొట్టాల్నే కడిగి, మళ్లీ ఇంధనం నింపి ఆర్టెమిస్-1కి వాడారు. 2022 నవంబరు 16న అది లేచేటప్పుడు నేను టైటస్‌విల్ ఒడ్డున జనంలో ఉన్నాను. బూస్టర్లు విడిపోయేదాకా నాకు ఊపిరాడలేదు. విడిపోయాక ముందు అతనికి మెసేజ్ పెట్టాను, తర్వాత అమ్మకి ఫోన్ చేశాను.